గాలివాన పోయినా గుండెదడ పోదు

2023 డిసెంబర్ 5వ తేదీ మధ్యాహ్నం మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. పేరాల, చీరాల మొదలుకొని బాపట్ల, రేపల్లె, తెనాలి దాకా ఈ ప్రాంతంలో బతికేవాళ్ళకు అలాంటి రోజులు కొత్త కాదు. గాలివాన వెలిసిన మర్నాడు ఏం జరుగుతుందో కూడా మనందరికీ తెలుసు. అధికారులు వస్తారు, కాగితాలు తీస్తారు. ఎన్ని ఇళ్ళు కూలాయి, ఎన్ని ఎకరాలు మునిగాయి, ఎన్ని మగ్గం గుంటల్లో నీళ్ళు నిలిచాయి అని రాసుకుంటారు. బియ్యం, పప్పు, నూనె ఇస్తారు. అన్నీ కావలసినవే. వాటిని తక్కువ చేసి మాట్లాడటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

కాని ఆ కాగితంలో ఒక గడి ఉండదు. తుఫాను పోయి పది రోజులైనా పైకప్పు రేకు చప్పుడైతే చాలు లేచి కూర్చునే దాదా ఏ గడిలోకి వస్తాడు? ఏడేళ్ళొచ్చి మళ్ళీ పక్క తడుపుతున్న పిల్లవాడు? పొయ్యి ముందే కూర్చుని, పాలు పొంగిపోతున్నా చూపు తిప్పని తల్లి? వీళ్ళ ఇంటి గోడ నిలిచే ఉంటుంది. కనుక నష్టం లేనివాళ్ళ కింద లెక్క. ఇరుగుపొరుగు కూడా "మీకేమైంది, అదృష్టవంతులు" అని పోతారు.

శరీరానికి గాయమైనట్టే మనసుకూ గాయమవుతుంది. డాక్టర్లు ట్రామా అంటారు. మనం మనోగాయం అనుకుందాం. ప్రాణం పోతుందన్న భయం కలిగినప్పుడు శరీరం పరుగెత్తడానికో ఎదిరించడానికో సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చెవులు రిక్కించుకుంటాయి, నిద్ర దూరమవుతుంది. ఆపద దాటిపోయాక ఈ అలజడి దానంతటదే దిగిపోవాలి. చాలామందిలో కొద్ది రోజుల్లో, కొద్ది వారాల్లో దిగిపోతుంది కూడా. కొందరిలో దిగదు. పీడకలలు వస్తాయి, ఆ చోటికి వెళ్ళలేరు, అయినవాళ్ళ మీద ఊరికే కోపం వస్తుంది, ఏ పనీ చేతికి రాదు. నెల దాటినా ఇలాగే ఉండి రోజువారీ బతుకు సాగకపోతే అది వైద్యం కావలసిన స్థితి. ఈమాన్ తక్కువై వచ్చినది కాదు, పిరికితనమూ కాదు.

1977 నవంబర్ 19

ఈ తీరంలో అరవై దాటిన వాళ్ళను ఈ తేదీ గురించి అడగనవసరం లేదు. ఆ రోజు వచ్చిన ఉప్పెన కృష్ణకు అవతల దివిసీమను ముంచేసింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది చనిపోయారు. బాపట్లలో ఇళ్ళు వదిలి చర్చిలో తలదాచుకున్న వారి మీద ఆ భవనం కూలి సుమారు వంద మంది ప్రాణాలు పోయాయి. తరువాత ఇళ్ళు కట్టారు, తుఫాను షెల్టర్లు కట్టారు, ముందస్తు హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 1990 మే నెలలో మళ్ళీ పెద్ద తుఫాను ఇదే తీరాన్ని కొట్టినప్పుడు లక్షల మందిని ముందే తరలించడం వల్ల చావులు వెయ్యి లోపే ఉన్నాయి. 2004 డిసెంబర్ 26 సునామీలో ఆంధ్ర తీరం మీద వంద మందికి పైగా పోయారు. 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు కిందికి పారి, రేపల్లె వైపు లంక గ్రామాలు నీళ్ళలో చిక్కాయి. కట్టలూ భవనాలూ ఎంత అవసరమో ఈ యాభై ఏళ్ళలో మనం నేర్చుకున్నాం. బతికి బయటపడిన మనిషి లోపల ఏముంటుందన్నది మాత్రం అంతగా నేర్చుకోలేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తుఫాను హెచ్చరిక వచ్చింది. వాలంటీర్లు వీధివీధీ తిరిగి జనాన్ని పక్కా భవనంలోకి తరలిస్తున్నారు. ఒక ముసలావిడ ఎంత చెప్పినా రానంటుంది. గుడిసెలోనే ఉంటానంటుంది. కుర్రాళ్ళకు చిరాకు. "ఈ మామ్మకు చాదస్తం" అని రెక్క పట్టుకు లాగుతారు. ఆమె చిన్నతనంలో పక్కా భవనం కూలి మనుషులు పోవడం చూసి ఉంటే? ఆమెకు పక్కా గోడలంటే రక్షణ కాదు, సమాధి. ఈ సంగతి తెలిసినవాడు రెక్క పట్టుకు లాగడు. కూర్చుని అడుగుతాడు. తలుపు పక్కనే చోటిస్తామంటాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చంటాడు, తోడుగా ఆమె కోడలినో మనవరాలినో కూర్చోబెడతాడు. ఆమె వస్తుంది. ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుతున్న "మనోగాయం ఎరిగిన సేవ" అంటే ఇంతే. ఎదుటి మనిషి తీరు వింతగా కనిపిస్తే, దాని వెనుక ఏదో జరిగి ఉంటుందని ముందు అనుకోవడం. భద్రత కలిగించడం, నిజం చెప్పడం, నిర్ణయం వారి చేతిలో పెట్టడం. అన్నిటికంటే ముఖ్యంగా మన సాయమే రెండో గాయం కాకుండా చూసుకోవడం.

తుఫాను ఒక్కటే గాయం చేస్తుందనుకోవద్దు. పేరాల మగ్గాల ఊరు. నూలు ధర పెరిగి, గుడ్డ అమ్ముడుపోక, అప్పులు పెరిగి 1991 ప్రాంతంలో చీరాల చుట్టుపక్కల చేనేత కుటుంబాల్లో సంభవించిన చావులు ఆనాటి పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటాయి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు ఎంతమంది తమ తండ్రికి గుసుల్ ఇవ్వలేకపోయారు, చివరిసారి ముఖం చూడలేకపోయారు! ఆ బాధ ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో మాటగా మారకుండా అలాగే గడ్డకట్టి ఉంది. రోడ్డు ప్రమాదాలు, ఇంట్లో దెబ్బలు తినే ఆడపడుచులు, వేటకెళ్ళి తిరిగిరాని పడవలు. పేర్లు వేరైనా లోపల జరిగేది ఒకటే.

"ఎలా పోయాడమ్మా?"

మన పరామర్శ పద్ధతిని ఒకసారి ఆలోచించండి. ఇంట్లో చావు జరిగితే బంధువులు, స్నేహితులు రావడం మన సమాజపు గొప్ప బలం. ఏ ఆసుపత్రీ ఇవ్వలేని బలం అది. కాని వచ్చిన ప్రతి ఒక్కరూ గడప లోపల కాలు పెట్టగానే అడిగే మొదటి మాట ఏమిటి? "ఎలా పోయాడమ్మా? నువ్వు అప్పుడు ఎక్కడున్నావు?" ఆ భార్య మొదటి నుంచి చెబుతుంది. కన్నీళ్ళు తుడుచుకునేలోగా ఇంకొకరు వస్తారు, మళ్ళీ మొదటి నుంచి. మూడు రోజుల్లో నలభై సార్లు భర్త చావును ఆమె నోటితోనే చెప్పిస్తాం. మన మనసులో చెడు లేదు. అయినా ఇది మానవలసిన అలవాటని ఈ రచయిత గట్టి అభిప్రాయం.

దుఃఖం బయటికి కక్కిస్తే పోతుందని ఒకప్పుడు డాక్టర్లు కూడా అనుకున్నారు. ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగినదంతా ఒక్క విడతలో చెప్పించేవారు. తరువాత పరిశోధనల్లో దానివల్ల మేలు కనిపించలేదు, కొందరికి బాధ పెరిగింది కూడా. కనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతి వద్దంటుంది. దాని బదులు 2011లో ఆ సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో మూడు పనులు చెప్పారు. చూడాలి, వినాలి, జతచేయాలి. ఎవరికి ఆపద ఎక్కువగా ఉందో చూడాలి. వారు చెబితే వినాలి, చెప్పకపోతే ఊరుకుని పక్కన కూర్చోవాలి. తరువాత వారికి కావలసిన అన్నం, మందు, బంధువు, డాక్టరు, అధికారి, ఎవరైతే వారితో కలపాలి.

ఇది చదివినప్పుడు పాఠకులకు ఒక సంఘటన గుర్తు రాకమానదు. తొలి వహీ వచ్చిన రాత్రి హిరా గుహ నుంచి మహాప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చారు, దుప్పటి కప్పమన్నారు. హజ్రత్ ఖదీజా (ర) ముందు కప్పారు. ప్రశ్నలు వేయలేదు. వణుకు తగ్గాక ఆయనే చెప్పారు, ఆమె విన్నారు. ఆయన చేసిన మంచి పనులను ఆయనకే గుర్తు చేసి ధైర్యమిచ్చారు. అంతటితో ఆగక, విషయం తెలిసిన వరఖా బిన్ నౌఫల్ దగ్గరకు తీసుకువెళ్ళారు. చూడటం, వినడం, జతచేయడం ఆ ఒక్క రాత్రిలోనే మన కళ్ళ ముందు ఉన్నాయి. అలాగే మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (ర) అమరులైనప్పుడు, ఆ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు గనుక వారికి అన్నం వండి పంపమని ప్రవక్త (స) చెప్పారు. ఇప్పుడు చాలాచోట్ల పోయినవారి ఇంటివారే వచ్చినవాళ్ళకు వండిపెడుతున్నారు. ఇది ఎలా తలకిందులైందో పెద్దలు ఆలోచించాలి.

ఇంకొక మాట. "సబర్ చెయ్, ఏడవకు" అంటాం. సబర్ అంటే నోరు మూసుకోవడం కాదు. యూసుఫ్ సూరాలో హజ్రత్ యాఖూబ్ (అ) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు. ఆయన సబర్‌ను ఎవరూ శంకించలేదు. పసిబిడ్డ ఇబ్రాహీం పోయినప్పుడు ప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి. కన్నీటిని ఆపించడం ఓదార్పు కాదు.

అవ్వ కూర్చున్న బల్ల

మానసిక వైద్యం అనగానే పెద్ద నగరం, పెద్ద డాక్టరు గుర్తుకొస్తారు. మన దేశంలో మానసిక వైద్యులు లక్ష జనాభాకు ఒక్కరు కూడా లేరు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో వందకు పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వారిలో అత్యధికులు ఏ చికిత్సా పొందడం లేదని తేలింది. పేరాల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికో ఒంగోలు ఆసుపత్రికో వెళ్ళిరావాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఛార్జీలు అదనం, తోడు వచ్చేవారి కూలి కూడా పోతుంది.

ఆఫ్రికాలోని జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడికి ఇదే అనుభవమైంది. ఆయన వైద్యం చేస్తున్న ఒక యువతి, ఆసుపత్రికి రావడానికి బస్సు ఛార్జీ లేక, ప్రాణం తీసుకుంది. ఆ బాధతో ఆయన ఆలోచించారు. 2006లో రాజధాని హరారేలోని ఒక పేద పేటలో పద్నాలుగు మంది అవ్వలను పోగుచేసి, వినడం, సమస్యను విడదీసి ఒక్కొక్కటిగా పరిష్కారం వెతకడం నేర్పారు. క్లినిక్ ఆవరణలో చెట్టు కింద బల్ల వేశారు. మనసు బాగాలేనివాళ్ళు వచ్చి అవ్వ పక్కన కూర్చుంటారు. అంతకు ముందు ఏడాదే ఆ దేశంలో ప్రభుత్వం ఇళ్ళు కూల్చి లక్షల మందిని రోడ్డున పడేసింది. 2016లో వెలువడిన పరిశోధన ఫలితాల్లో అవ్వలతో మాట్లాడినవారికి మామూలు వైద్యం పొందినవారికంటే బాధ బాగా తగ్గినట్టు తేలింది. మన గోవాలోనూ శిక్షణ పొందిన మామూలు మనుషులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కౌన్సెలింగ్ చేసి మంచి ఫలితాలు సాధించారు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తరువాత బెంగళూరు నిమ్హాన్స్ నిపుణులు అక్కడి మామూలు డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు. 1999 ఒరిస్సా తుఫాను, 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీ నాటికి ఆ శిక్షణ ఊళ్ళోని కార్యకర్తలకు చేరింది. 2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దీనికోసం మార్గదర్శకాలు కూడా వెలువరించింది. కనుక మనం కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు.

పేరాలకు జట్టు కట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. 1921లో మునిసిపాలిటీని వ్యతిరేకిస్తూ చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగర్ అనే పాకల ఊరు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. ఎండకూ వానకూ పాకల్లో పిల్లలతో, ముసలివాళ్ళతో అన్ని నెలలు కాపురం చేయడం ఒకరినొకరు చూసుకోకుండా సాధ్యమయ్యే పనేనా? మునిసిపాలిటీ ఎలాగూ వచ్చింది. ఆ కలిసుండే నేర్పు మాత్రం మిగలాలి.

ఇక జట్టులో ఎవరుండాలి? ముందుగా ఒక్కరి గురించి చెప్పాలి. ప్రతి మహల్లాలో పోయిన ఆడవాళ్ళకు గుసుల్ ఇచ్చే ఖాలాలు, నానీలు ఇద్దరు ముగ్గురుంటారు. ఏ ఇంటికైనా అతి చెడ్డ రోజున లోపలి గది దాకా వెళ్ళేది వీళ్ళే. ఎవరు ఏడ్చారు, ఎవరు ఏడవలేక బిగుసుకుపోయారు, ఎవరి ఒంటి మీద పాత దెబ్బల మచ్చలున్నాయి, వీళ్ళకు తెలుసు. వీళ్ళను ఇంతవరకు ఎవరూ ఏ శిక్షణకూ పిలవలేదు. పైగా 2021లో వీళ్ళూ, జనాజాలు మోసిన యువకులూ చూసిన చావుల బరువు వీళ్ళ మనసుల్లోనే ఉంది. సాయం చేసేవాళ్ళ గోడు వినే మనిషి కూడా జట్టులో ఉండాలి.

తరువాత ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు, బడి పంతులు. ఇమాంసాబు. మందుల షాపతను, ఆర్‌ఎంపీ డాక్టరు. నిద్ర పట్టడం లేదనగానే జనం ముందు వెళ్ళేది ఈ చివరి ఇద్దరి దగ్గరికే. వాళ్ళు ఒక నిద్రమాత్రల అట్ట ఇచ్చి పంపేస్తే అలవాటు పట్టుకుంటుంది, కొన్నిసార్లు ప్రమాదమూ అవుతుంది. వాళ్ళను తిట్టి లాభం లేదు, జట్టులోకి తీసుకోవాలి. దువా చేయించుకోవడానికి, ఊది పోయించుకోవడానికి వెళ్ళేవాళ్ళను వెక్కిరించడం వల్ల కూడా ఏమీ రాదు. దువా చేసే హజ్రతులు "డాక్టరుకు కూడా చూపించండి" అని ఒక్క మాట అంటే చాలు, ఎన్నో ఇళ్ళు నిలబడతాయి. అయితే షైతాను పట్టిందని ఆడపిల్లను కొట్టడం, పొగ వేయడం మాత్రం గాయం మీద గాయం. దాన్ని మర్యాద కోసం చూసీ చూడనట్టు వదలకూడదు.

ఈ జట్టు ముస్లింల కోసమే అయితే మొదటి తుఫానులోనే విడిపోతుంది. పక్క మగ్గం పద్మశాలీలది, ఆ పక్కది దేవాంగులది, ఇటువైపు నూర్‌బాషాలు, వాడరేవు వైపు మత్స్యకారులు. గాలి ఇంటి ముందు పేరు చదివి వీయదు. మసీదు హాలు, చర్చి ఆవరణ, సంఘం భవనం, ఏది దగ్గరైతే అక్కడ కలుసుకోవాలి. చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మగవాళ్ళ ముందు నోరు విప్పరు గనుక జట్టులో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్ళుండాలి.

జట్టు పాడైపోవడానికి ఒకే ఒక్క కారణం చాలు. అది చాడీ. చిన్న వీధుల్లో ఒక ఇంట్లో చెప్పిన మాట మగ్రిబ్ నాటికి ఇంకో ఇంట్లో వినిపిస్తుంది. చెప్పినవారి మాట అమానత్. డబ్బు అమానత్ ఉంచితే ఎలా దాస్తామో అలా దాచాలి. దీనికి ఒక్కటే మినహాయింపు, ప్రాణాపాయం. ఎవరైనా చావాలని ఉందంటే, లేదా పిల్లల మీద చెయ్యి పడుతోందని తెలిస్తే, పెద్దవాళ్ళకు చెప్పి కాపాడవలసిందే. ఈ సంగతి ముందుగానే చెప్పి ఉంచాలి.

చావు ఆలోచన గురించి నేరుగా అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. నిపుణులు అలా కాదంటున్నారు. మృదువుగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే ఆ మనిషికి బరువు దిగుతుంది. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకుపోని కుటుంబాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన మనోవేదనలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత 309 సెక్షనే లేదు. కనుక ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒకవేళ ప్రాణం దక్కకపోతే, ఆ ఇంటి గడప తొక్కకుండా వెలివేసినట్టు చూడటం బతికున్న భార్యాబిడ్డలను శిక్షించడమే. హనఫీ ఫిఖా ప్రకారం అలా పోయినవారికి కూడా జనాజా నమాజు ఉంది.

పిల్లల సంగతి వేరు. వాళ్ళు మాటల్లో చెప్పరు. ఆడిన ఆటే మళ్ళీ ఆడతారు, ఇసుకలో ఇల్లు కట్టి నీళ్ళు పోసి ముంచుతారు. ఆపనవసరం లేదు. పిల్లలకు కావలసింది నిన్నటిలాంటి రోజు. వేళకు అన్నం, వేళకు నిద్ర, వీలైనంత త్వరగా బడి. తుఫాను తరువాత పాఠం అప్పజెప్పలేని పిల్లవాడిని బడిలో గాని మదరసాలో గాని బెత్తంతో కొడితే, వాడు మరచిపోవడానికి కారణం బద్ధకం కాదని ఎవరు చెప్పాలి? ఈ జట్టే చెప్పాలి.

వినడం ఒక్కటే చాలనుకుంటే పొరపాటే. మగ్గం గుంటలో నీళ్ళుండగా, పడుగు తడిసి పాడైపోయి ఉండగా, ఎవరో వచ్చి "మీ మనసులో మాట చెప్పండి" అంటే ఆ నేతగాడికి ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. ముందు నాలుగు బకెట్లు తీసుకుని గుంటలో నీళ్ళు తోడటానికి వెళ్ళాలి. తోడుతుంటే అతనే మాట్లాడతాడు. సాయం పంచేటప్పుడు వరుసలో నిలబెట్టి ఫొటోలు తీయడం మానాలి. బైతుల్‌మాల్ డబ్బు ఇచ్చేటప్పుడు పదిమంది ముందు కాక ఇంటికి వెళ్ళి ఇవ్వాలి. ఇవన్నీ మానసిక వైద్యం కిందికే వస్తాయి.

పేరాల ఒక్కటే ఈ పని చేస్తే చాలదు. తుఫాను పేరాలను కొట్టినప్పుడు పేరాల జట్టు సభ్యులు కూడా బాధితులే. వాళ్ళ పైకప్పులూ ఎగిరిపోయి ఉంటాయి. అప్పుడు బాపట్ల నుంచో తెనాలి నుంచో మనుషులు రావాలి. రేపల్లె లంకలు మునిగినప్పుడు పేరాల వాళ్ళు వెళ్ళాలి. ఈ ఊళ్ళన్నిటికీ రైలుంది, చుట్టరికాలున్నాయి. ఒక ఊరి జట్టుకు ఇంకో ఊరి జట్టు ముఖం ముందే తెలిసి ఉండాలి. వరదలో వెళ్ళి పరిచయం చేసుకోవడం కష్టం. వెయ్యేళ్ళకు పైబడిన కిందట అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం విద్వాంసుడు శరీరం, మనసు రెండింటి ఆరోగ్యం గురించి ఒక గ్రంథం రాశారు. ఇంట్లో మందులు ముందుగా దాచుకున్నట్టే, మనసుకు ధైర్యమిచ్చే ఆలోచనలను కూడా బాగున్న రోజుల్లోనే దాచుకోమని అందులో సలహా ఇచ్చారు.

మొదలుపెట్టడానికి పెద్ద నిధులు అక్కరలేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వారిని అడిగి రెండు రోజుల శిక్షణ పెట్టించుకోవచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416. రాత్రింబవళ్ళు, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును మసీదు నోటీసు బోర్డు మీద, మందుల షాపులో, నూలు కొట్టులో రాసి పెట్టవచ్చు. దెబ్బలు తినే ఆడవారికి 181, పిల్లలకు 1098. ఇక ఒక నోటు పుస్తకం. తుఫానుల కాలమైన అక్టోబర్ రాకముందే అందులో మహల్లా వారీగా కొన్ని ఇళ్ళు రాసుకోవాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు, గర్భిణులు, ఇద్దత్‌లో ఉన్నవారు, మంచాన పడినవారు, ఇంతకు ముందే మానసిక వైద్యం తీసుకుంటూ మాత్రలు ఆగకూడనివారు. తుఫాను వెలిసిన మర్నాడు ముందు తట్టవలసినవి ఈ తలుపులు. ఆ పుస్తకం ఎవరి ఇంట్లో ఉండాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. అది అందరి చేతుల్లోకీ పోయే వస్తువు కాదు.

చావు జరిగిన ఇంటికి మూడో రోజు దాకా జనం వస్తారు. చాలాచోట్ల నలభయ్యో రోజున ఇంకోసారి వస్తారు. ఆ తరువాత ఎవరి పనుల్లో వాళ్ళు పడతారు, తప్పు కూడా కాదు. డాక్టర్లేమో నెల దాటినా దిగని భయాన్నే తీవ్రంగా తీసుకోమంటున్నారు. అంటే మనం వెళ్ళడం మానేసే రోజుల్లోనే అసలు చూడవలసింది ఉంటుందన్నమాట. కనుక నోటు పుస్తకంలో ప్రతి పేరు పక్కనా నలభై ఒకటో రోజు తేదీ వేసుకోవాలి. ఆ రోజున జట్టు నుంచి ఒక్కరు, వీలైతే ఆ గుసుల్ ఇచ్చిన ఖాలాయే, సాయంత్రం పూట వెళ్ళాలి. ఏం జరిగిందని అడగవద్దు. "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా బేటీ?" అని అడిగి, చెప్పేదాకా కూర్చోవాలి.